సంఘం ఎవరిది?

2025 జూలై 24న కేంద్ర ప్రభుత్వం కొత్త జాతీయ సహకార విధానాన్ని విడుదల చేసింది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సహకార సంవత్సరంగా ప్రకటించిన ఏడాది కూడా అదే. ప్రతి ఊళ్ళో కనీసం ఒక సహకార సంఘం ఉండాలనీ, 50 కోట్ల మందిని సహకార రంగంలోకి తేవాలనీ ఆ విధానం సంకల్పం. ఇక్కడ దాని మంచిచెడ్డలు మాట్లాడుకుంటున్నవారు ఇద్దరు. మావయ్య ఉమ్మడి విశాఖ జిల్లాలో సహకార శాఖ అధికారిగా చేసి రిటైరయ్యారు. మేనకోడలు ఒక మహిళా పొదుపు, పాడి సంఘానికి మేనేజరు. సహకారం మీద ఇద్దరికీ నమ్మకమే. సర్కారు ఎక్కడిదాకా రావాలి, ఎక్కడ ఆగాలి అన్న దగ్గరే పేచీ.

మావయ్య: ఈ విధానం నాకు నచ్చిందమ్మా. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో సహకార శాఖను పట్టించుకున్నవాడు లేడు. ఇప్పుడు దానికి 2021 నుంచి ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖే ఉంది. 63 వేల ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకు కంప్యూటర్లు పెట్టడానికి 2,516 కోట్ల రూపాయలు కేటాయించారు. విత్తనాలకొకటి, సేంద్రియ పంటలకొకటి, ఎగుమతులకొకటి అని 2023లో మూడు జాతీయ సంఘాలు పెట్టారు. అయిదేళ్ళలో 2 లక్షల కొత్త సంఘాలంటున్నారు. ఇంత శ్రద్ధ ఎన్నడు చూశాం?

మేనకోడలు: శ్రద్ధ ఉంది మావయ్యా, కాదనను. సొసైటీలో కంప్యూటరు ఉంటే తన పేర ఎంత అప్పు రాసి ఉందో రైతుకు తెలుస్తుంది. అంతవరకు మేలే. కానీ మీరు ఇప్పుడు చదివిన లెక్కలన్నీ ప్రభుత్వం ఏం చేస్తుందన్నవే. సభ్యుడు ఏం పెడతాడు, సభ్యుడు ఏం తేలుస్తాడు అన్న లెక్క అందులో ఒక్కటీ లేదు. పథకం గడువు తీరి, అధికారి బదిలీ అయి, గ్రాంటు ఆగిపోయాక కూడా నడిచే సంఘమే ఊరికి మిగులుతుంది. సుస్థిర అభివృద్ధి కోసం విధానం రాసేవాళ్ళు ముందు ఆ సంగతి ఆలోచించాలి.

మావయ్య: సభ్యుడు పెట్టేది ఏముందమ్మా? అరెకరం కౌలుకు చేసుకునేవాడి దగ్గర వాటాధనం ఎక్కణ్ణుంచి వస్తుంది? చరిత్ర చూడు. సహకార పరపతి చట్టం 1904లో వచ్చింది. తర్వాత యాభై ఏళ్ళు సంఘాలను వాటి మానాన వదిలేశారు. రిజర్వు బ్యాంకు గ్రామీణ పరపతి సర్వే 1954లో లెక్క తేల్చింది. రైతు తెచ్చుకునే అప్పులో సహకార సంఘాల వాటా 3 శాతం, వడ్డీ వ్యాపారులది దాదాపు 70 శాతం. అందుకే ప్రభుత్వం వాటాదారుగా చేరాలని ఆ కమిటీ చెప్పింది. చేరింది. ఎరువులు, విత్తనాలు, తక్కువ వడ్డీకి పంట రుణం ఊళ్ళోకి వచ్చాయంటే ఆ నిర్ణయం వల్లే.

మేనకోడలు: రోగం సరిగ్గానే కనిపెట్టారు. మందే మోతాదు మించింది. వాటా పెట్టాక ప్రభుత్వం పెత్తనం అడిగింది. డబ్బు పెట్టినవాడు అడగడంలో తప్పు లేదు కూడా. ఆ పెత్తనమే 1964 సహకార సంఘాల చట్టంలో రిజిస్ట్రారు అధికారాలుగా మారింది. పాలకవర్గాన్ని రద్దు చేయొచ్చు, పర్సన్ ఇన్‌చార్జిని వేయొచ్చు, ఎన్నికలు వాయిదా వేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక పరపతి సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. 2018లో గడువు తీరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నిక లేదు. త్రిసభ్య కమిటీలతోనే నడిపారు. పార్టీ మారినప్పుడల్లా కమిటీ మారింది. ఆ సంఘంలో వాటా ఉన్న రైతుకు కమిటీలో ఎవరుంటారో పేపర్లో చదివితే గానీ తెలియదు.

మావయ్య: ఎన్నికలు జరపకపోవడం తప్పే. దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ ఎన్నిక జరిగిన ఊళ్ళలో గెలిచేదెవరో నేను చూశాను. ఎరువుల దుకాణం వాడు, రైసు మిల్లు వాడు, మోతుబరి. ఓటు హక్కు అందరిదీ, కుర్చీ మాత్రం ఒక్క ఇంటిది. అలాంటి చోట రిజిస్ట్రారు చేతిలో ఆ మాత్రం కర్ర లేకపోతే చిన్న రైతు ఎవరికి చెప్పుకుంటాడు?

మేనకోడలు: ఆ కర్ర చిన్న రైతు కోసం ఎన్నిసార్లు లేచింది మావయ్యా? మార్చి నెలాఖరున సొసైటీల్లో జరిగే బుక్ అడ్జస్ట్‌మెంట్ మీకు తెలియంది కాదు. పాత అప్పు తీరినట్టు ఒక పద్దు రాస్తారు. అదే రోజు కొత్త అప్పు ఇచ్చినట్టు ఇంకో పద్దు రాస్తారు. రైతు చేతికి రూపాయి రాదు, రైతు చేతిలోంచి రూపాయి పోదు. వసూళ్ళు మాత్రం కాగితం మీద భేషుగ్గా ఉంటాయి. ఆడిట్ చేసేదీ శాఖే, లెక్క బాగుందని పైకి పంపేదీ శాఖే. ఎందుకలా? అందులో తిరిగే డబ్బు సభ్యులది కాదు. పైనుంచి వచ్చింది, పైకే పోవాలి. పరాయి సొమ్ముకు ఊళ్ళో కాపలా కాసేవాడు ఎవడుంటాడు?

మావయ్య: సరే, నీ మాటే నిజమనుకుందాం. మరి సభ్యుల డబ్బుతో మొదలైనవి కూడా పడిపోయాయిగా? మన ఏటికొప్పాక చక్కెర ఫ్యాక్టరీనే తీసుకో. 1933లో రైతులు కలిసి పెట్టుకున్నది. సహకార చక్కెర పరిశ్రమకు దేశంలోనే దారి చూపిన వాటిలో ఒకటి. ఇవాళ దాని పొగగొట్టం చల్లబడి ఉంది. తాండవ, తుమ్మపాల కూడా అంతే. చక్కెర ధర పెరగలేదు, చెరకు ధర పెరిగింది, యంత్రాలు పాతబడ్డాయి. ప్రభుత్వం అప్పుకు పూచీ ఉండబట్టే అవి ఆ నాలుగు సీజన్లయినా ఆడాయి.

మేనకోడలు: యంత్రాలు పాతబడ్డాయన్నారు. నిజమే. మార్చాలన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? ఇథనాల్ పెట్టాలా, చెరకు పిప్పితో కరెంటు తీయాలా అన్నది రైతుల మహాజన సభ తేల్చగలిగిందా? మేనేజింగ్ డైరెక్టరును పంపేది ప్రభుత్వం, అప్పుకు సంతకం పెట్టేది ప్రభుత్వం, బకాయిలు పడినప్పుడు రోడ్డెక్కేది మాత్రం చెరకు రైతు. నష్టం సభ్యుడిది, నిర్ణయం ఇంకొకరిది అయినప్పుడు ఏ ఫ్యాక్టరీ అయినా అంతే అవుతుంది.

మావయ్య: ప్రభుత్వం తప్పుకుంటే సంఘాలు బాగుపడతాయనేగా నువ్వనేది. 1995 చట్టం తెచ్చి అదీ చూశాం.

మేనకోడలు: అవును, ఆ చట్టం మన తెలుగువాళ్ళు దేశానికి చూపించిన దారి. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. ప్రభుత్వ వాటాధనం ఉండదు. పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం రిజిస్ట్రారుకు ఉండదు. ఎన్నికలు, ఆడిటు, మహాజన సభ వేళకు జరిపించాల్సిన బాధ్యత పాలకవర్గానిది. జరపకపోతే డైరెక్టర్లు పదవికి అనర్హులు. మిగులు వచ్చినా సభ్యులదే, లోటు వచ్చినా సభ్యులదే. మన చట్టం చూసి మరికొన్ని రాష్ట్రాలు కూడా ఇలాంటివి చేసుకున్నాయి. ముల్కనూరు చూడండి. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు 1956లో మొదలుపెట్టిన పరపతి సంఘం ఇవాళ సభ్యుల నుంచి వడ్లు కొంటుంది, విత్తనం తయారుచేస్తుంది, అప్పు ఇస్తుంది, వసూలు చేసుకుంటుంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు పొదుపు సంఘాల అనుభవంతో 2000 నాటికి సొంత డైరీ పెట్టుకున్నారు. స్వకృషి పాలు అంటే వరంగల్‌లో తెలియనివారు లేరు. సభ్యులూ ఆడవాళ్ళే, పాలకవర్గమూ ఆడవాళ్ళే.

మావయ్య: ముల్కనూరు పేరు ప్రతి సభలోనూ వింటాను. ఆ పక్క ఊళ్ళలో ముల్కనూరులు ఎందుకు పుట్టలేదు?

మేనకోడలు: పుట్టడానికి ఓపిక కావాలి. మా పాల కేంద్రానికి ఒకసారి రండి. తెల్లారకుండానే గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడతారు. శాంపిల్ తీసి మిషన్‌లో పెడితే వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల (ఎస్ఎన్ఎఫ్) శాతం తెర మీద పడతాయి, చీటీ వస్తుంది. ఆ చీటీ చూసి ఒకావిడ, "నిన్న ఆరున్నర చూపించింది, ఇవాళ ఐదూ ఎనిమిది ఎలా వచ్చింది? గేదె అదే, దాణా అదే" అని గట్టిగా అడుగుతుంది. కార్యదర్శి మళ్ళీ పాలు కలియబెట్టి, మళ్ళీ శాంపిల్ తీసి, అందరి ముందు చూపించాలి. వెనక నిలబడ్డవాళ్ళు ఆలస్యమైందని విసుక్కోరు. రేపు తమ చీటీకి అదే గతి పట్టొచ్చని వాళ్ళకు తెలుసు. ఆ ప్రశ్న ప్రైవేటు ఏజెంటును అడిగితే, "ఇష్టముంటే పొయ్యి, లేకపోతే పట్టుకుపో" అంటాడు. సర్కారు కేంద్రంలో అడిగితే, "పైన చెప్పుకో" అంటారు. అడిగే అలవాటు రావడానికి మాకు ఏళ్ళు పట్టింది. దాన్ని ఏ గ్రాంటుతోనూ కొనలేం.

మావయ్య: ఆ దృశ్యం గొప్పగానే ఉంది. కానీ అడిగేవాళ్ళు లేనిచోట నీ చట్టం ఏం చేసిందో కూడా చెప్పాలిగా. కాకినాడలో ఈ చట్టం కిందే నమోదైన ఒక సంఘం జనం దగ్గర కోట్లలో డిపాజిట్లు పుచ్చుకుని 2022లో చేతులెత్తేసింది. రిటైరైన ఉద్యోగులు, ఒంటరి ఆడవాళ్ళు, కూతురి పెళ్ళికని దాచుకున్నవాళ్ళు రోడ్డున పడ్డారు. రిజిస్ట్రారుకు అధికారం లేకుండా చేశారు కదా, ముందే ఆపేదెవరు? పాల సంఘాల్లోనూ చూశాం. ప్రభుత్వ నిధులతో, అందరి పన్నులతో కట్టిన డైరీలు కొన్ని ఈ చట్టం కిందికి మారాయి. అక్కణ్ణుంచి ప్రొడ్యూసర్ కంపెనీలయ్యాయి. ఏళ్ళ తరబడి ఒకే ఇంటివాళ్ళు చైర్మన్లు. పాలు పోసే రైతుకు అక్కడ గొంతు ఎక్కడుంది?

మేనకోడలు: ఈ మాటకు తేలిగ్గా జవాబు చెప్పను మావయ్యా. డిపాజిట్ రసీదుతోపాటు సభ్యత్వ రసీదు చేతిలో పెట్టి, సభకు ఎన్నడూ పిలవని సంఘం సహకార సంఘం కాదు. అది సహకారం బోర్డు తగిలించుకున్న వడ్డీ వ్యాపారం. దాన్ని పట్టుకునే కన్ను చట్టంలో ఉండాల్సింది. శాఖ ఆడిటర్లు వద్దన్నాం సరే, వాళ్ళ స్థానంలో స్వతంత్ర ఆడిటు గట్టిగా నిలబెట్టకపోవడం లోపమే. అక్కడ మీ మాట నెగ్గింది. కానీ ప్రభుత్వం ఆ లోపాన్ని ఎలా దిద్దబోయిందో కూడా చూడండి. 2006లో చట్టాన్ని సవరించి పాల సంఘాలన్నిటినీ ఒక్క కలంపోటుతో, వెనకటి తేదీ నుంచి, పాత 1964 చట్టం కిందికి లాగేసింది. దొంగ సంఘం, మంచి సంఘం తేడా లేదు. హైకోర్టు కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టూ కొట్టేసింది. సభ్యులు ఏ చట్టం కింద సంఘం పెట్టుకున్నారో అందులోంచి వాళ్ళను అడక్కుండా ఇంకో చట్టంలోకి తోసేయడం కుదరదని చెప్పింది.

మావయ్య: అదే ఏడాది పార్లమెంటు 97వ రాజ్యాంగ సవరణ ఆమోదించింది. సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కుల్లోకి చేరింది. పాలకవర్గంలో 21 మందికి మించకూడదు, అయిదేళ్ళకోసారి ఎన్నిక తప్పదు, ఎన్నిక జరపడానికి వేరే సంస్థ ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు ఒక స్థానం, ఆడవాళ్ళకు రెండు స్థానాలు ఉండాలి. నువ్వు అడిగేవన్నీ అందులో ఉన్నాయి. తీరా 2021లో సుప్రీంకోర్టు రాష్ట్రాల సంఘాల విషయంలో ఈ నియమాలున్న భాగం చెల్లదంది.

మేనకోడలు: ఎందుకు చెల్లదంది? సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోవి. కాబట్టి ఆ సవరణకు సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోవాలి. తీసుకోలేదు. అందులోని నియమాలు మంచివే. కానీ రాష్ట్రాన్ని అడక్కుండా కేంద్రం చేసింది, సంఘాన్ని అడక్కుండా రాష్ట్రం చేసింది. రెండింటికీ పట్టిన తెగులు ఒకటే. ఊళ్ళో సభ్యుణ్ణి అడిగే అలవాటు లేకపోతే పైన ఎంత మంచి రాత రాసినా కోర్టులో తేలిపోతుంది, లేదా ఊళ్ళో చచ్చిపోతుంది.

మావయ్య: ఇక గిరిజనులుండే ఏజెన్సీ కొండలకు వద్దాం. అక్కడ నీ సిద్ధాంతం ఎంత దూరం నడుస్తుందో చూద్దాం. గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, 1956లో విశాఖలో పెట్టారు. అంతకుముందు సంతకు చింతపండు, తేనె, కరక్కాయలు తెచ్చిన గిరిజనుడికి షావుకారు ఇచ్చిందే ధర, పెట్టిందే తూకం. ఉప్పు అరువిచ్చి మరుసటి ఏడు చింతపండంతా రాయించుకునేవాడు. జీసీసీ కొంటానని ధర ప్రకటించాకే షావుకారు కూడా ధర పెంచాడు. తపసి బంక సంగతి నీకు తెలుసా? బంక ఎక్కువ కారాలని గొడ్డలితో లోతుగా నరికేవారు. చెట్లు ఎండిపోయేవి. చిన్న గాటు పెట్టి, చెట్టుకు తేరుకునే వ్యవధి ఇచ్చి తీయడం జీసీసీ నేర్పించింది. శుభ్రమైన బంకకు మంచి గ్రేడు, మంచి ధర ఇచ్చింది. అడవీ నిలబడింది, చేతికి డబ్బూ వచ్చింది. అప్పటికి ఆ కొండ మీద పొదుపు చేసి సంఘం పెట్టుకునే స్థితిలో ఎవరున్నారు?

మేనకోడలు: ఎవరూ లేరు. జీసీసీ చేసిన మేలు కొండ మీద ఎవర్నడిగినా చెబుతారు. కానీ అదే కొండ మీద కాఫీ కథ కూడా ఉంది. పోడు కోసం అడవి నరకడం తగ్గాలని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కాఫీ మొక్కలిచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. నీడ ఉంటేనే పంట, కాబట్టి చెట్టును కాపాడుకోవడం రైతుకే లాభం. ఇంతవరకు ప్రభుత్వం పని, మంచి పని. తర్వాత అరకు కాఫీ రైతులు 1995 చట్టం కిందే చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడు నిలిచింది. ఎర్రగా పండిన పండే కోయాలి, పచ్చికాయ కలిస్తే రుచి చెడుతుందని నేర్చుకున్నారు. పండుకు తగ్గ ధర ఇచ్చారు. 2017లో ఆ కాఫీకి పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీసీసీ కూడా కాఫీ కొంటోంది, అమ్ముతోంది. ఒకే లోయలో రెండు రకాల సంఘాలు. రైతుకు రెండు గుమ్మాలు.

మావయ్య: మరి నీ నోటే వచ్చింది కదా, మొక్క ఇచ్చింది ప్రభుత్వం, గుమ్మం తెరిచి పెట్టింది ప్రభుత్వం. జీసీసీ ధర ప్రకటించకపోతే నీ సంఘానికీ బేరం ఆడే బలం ఉండదు.

మేనకోడలు: ఒప్పుకుంటాను. నేను ప్రభుత్వం వద్దనడం లేదు మావయ్యా. సభ్యులు తమంతట తాము చేసుకోలేనిది ప్రభుత్వం చేయాలంటున్నాను. కొండ మీదికి రోడ్డు, గోదాము, పరిశోధన, దళారీని అదుపులో పెట్టే కనీస ధర, మోసం చేసినవాణ్ణి జైలుకు పంపే చట్టం, కంపెనీలతో సమానమైన పన్ను. 2022 బడ్జెట్‌లో సహకార సంఘాలకు కనీస ప్రత్యామ్నాయ పన్ను 18.5 నుంచి 15 శాతానికి తగ్గించి కంపెనీలతో సమానం చేశారు. అది సరైన సాయం. ఆ సాయం ఏ సంఘం కుర్చీ మీదా కూర్చోదు. కేంద్రం ధాన్యం నిల్వ పథకంలో తెలంగాణలోని గంభీరావుపేట సొసైటీ దగ్గర గోదాము కట్టారు. కట్టనివ్వండి. అందులో ఏ పంట ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది మాత్రం ఆ సొసైటీ రైతులు తేల్చుకోవాలి. పొదుపు, అప్పు వసూలు, ఎన్నిక, నిర్ణయం, నష్టం భరించడం మాత్రం సభ్యులు చేసుకోవలసినవి. వాటిలో ఏ ఒక్కటి ప్రభుత్వం నెత్తిన వేసుకున్నా సంఘం శాఖకు అనుబంధ ఆఫీసైపోతుంది.

మావయ్య: ఎన్నికను సభ్యులకే వదలమంటే నేను ఒప్పుకోను. పాలకవర్గమే ఎన్నిక జరుపుకుంటే ఓటర్ల జాబితా రాసేది ఆ చైర్మనే. ఎన్నిక వేళకు జరపడానికి మంత్రి మాట వినని, చైర్మన్ మాట వినని స్వతంత్ర సంస్థ ఒకటి ఉండాలి. ఆడిటరుకు జీతమిచ్చేది సంఘం కావచ్చు గానీ ఆడిటరును ఎంచేది ఆ చైర్మన్ కాకూడదు. ఆడిట్ నివేదిక గోడ మీద తెలుగులో అంటించాలి. ఈ మూడూ ఉంటే కాకినాడ మళ్ళీ జరగదు.

మేనకోడలు: ఈ మూడింటికీ నేను సంతకం పెడతాను. అందులో పెత్తనం లేదు, సభ్యుడి హక్కుకు కాపలా ఉంది. దానికి నాదొకటి కలపండి. ప్రభుత్వం ఏ సంఘంలో వాటా పెట్టినా, ఏ సంఘానికి అధికారిని పంపినా, తప్పుకునే తేదీ మొదటి రోజే రాయాలి. ఆ తేదీలోగా ఎంతమంది సభ్యులకు లెక్కలు చదవడం నేర్పారు, సభ్యుల సొంత డబ్బు ఎంత చేరింది అన్నవే ఆ అధికారి పనికి కొలబద్ద కావాలి.

మావయ్య: ఏజెన్సీలో తేదీ పెట్టడం తొందరపాటు. సంతలో షావుకారు ఇంకా ఉన్నాడు. జీసీసీ తప్పుకున్న మర్నాడే తూకం మారిపోతుంది. అక్కడ నేను తేదీకి ఒప్పుకోను.

మేనకోడలు: తూకం సరిచూడగల సభ్యులు లేనంతవరకు మీరు ఉండండి. కానీ మీరు ఉన్నన్నాళ్ళూ వాళ్ళు సరిచూడటం నేర్చుకోకపోతే ఆ తప్పు ఎవరిది? అరవై ఏళ్ళు దాటిన సంస్థలో గిరిజన సభ్యుడు ఎన్నుకున్న పాలకవర్గం ఎన్ని నిర్ణయాలు చేసింది? కొన్నదాన్ని బట్టి కాదు, ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి జీసీసీ విలువ కట్టాలి.

మావయ్య: ఆ ప్రశ్న న్యాయమైనదే. సరే, ఈ 2 లక్షల కొత్త సంఘాల సంగతేమంటావ్? రిజిస్టరు చేయవద్దంటావా?

మేనకోడలు: చేయండి, కానీ అంకెను చూసి సంబరపడకండి. ఏటా పార్లమెంటులో ఎన్ని సంఘాలు నమోదయ్యాయని చెప్పే బదులు మూడు లెక్కలు చెప్పమనండి. ఎన్ని సంఘాల్లో గడువు తప్పకుండా ఎన్నిక జరిగింది? ఎన్ని మహాజన సభల్లో సభ్యులు లెక్కలు అడిగి ఆమోదించారు? సంఘం తిప్పే డబ్బులో సభ్యుల సొంతం ఎంత? ఈ మూడూ పెరుగుతుంటే విధానం పనిచేస్తున్నట్టు. సంఘాల సంఖ్య మాత్రమే పెరుగుతుంటే ఇరవై ఏళ్ళకు ఇంకో కమిటీ వేసి, సహకారం ఎందుకు విఫలమైందో మళ్ళీ రాసుకోవాలి.

మావయ్య: ఆ మూడింటికి నాలుగోది కలుపు. ఆ పాలకవర్గాల్లో భూమి లేనివాళ్ళు, కౌలు రైతులు, ఆడవాళ్ళు, గిరిజనులు ఎంతమంది ఉన్నారు? అది లెక్కలోకి రాకపోతే నువ్వు చెప్పే స్వేచ్ఛ మోతుబరికి దక్కుతుంది. నేను ఇన్నాళ్ళూ ప్రభుత్వాన్ని గట్టిగా పట్టుకున్నది దాని కోసమే.

మేనకోడలు: కలుపుతాను మావయ్యా. ఆ నాలుగో లెక్క లేకపోతే నా మూడు లెక్కలూ అబద్ధం చెబుతాయి. ఏజెన్సీలో తేదీ సంగతి మాత్రం మనం ఇంకా తేల్చుకోలేదు. దాన్ని తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు. అరకు, పాడేరు సంతల్లో జీసీసీకి చింతపండు, కాఫీ అమ్మే రైతుల్ని సభలో కూర్చోబెట్టి వాళ్ళనే అడగాలి. కొత్త విధానం నిజంగా సహకారం కోసమే అయితే మొదట చేయాల్సిన పని అదే.